ఇంటికి వచ్చిన వైద్యము, ఇంటివారి బాధ్యత



మానసిక కృంగుదలకు ఇంటిలోనే తలకు పట్టీవలె పెట్టుకొని చేసుకొనే ఒక విద్యుత్ చికిత్స ఇటీవలి సంవత్సరాలలో కొన్ని దేశములలో వాడుకలోనికి వచ్చింది. దానిని గూర్చిన వార్తలు చదివిన మన యౌవనస్థులు ఇంటిలో ఆ మాట ఎత్తుతున్నారు. పెద్దలు రెండు విధములుగా జవాబు చెబుతున్నారు. కొందరు "తలకు కరెంటా? వద్దే వద్దు" అంటున్నారు. మరికొందరు "ఆసుపత్రి మెట్లు ఎక్కకుండా, నలుగురికి తెలియకుండా పని అయిపోతుంది గదా" అంటున్నారు. మొదటి మాట భయములోనుండి వచ్చింది. రెండవ మాట సిగ్గులోనుండి వచ్చింది. భయముతో గాని సిగ్గుతో గాని చేసిన తీర్మానము రోగికి మేలు చేయదు. కనుక ఈ చికిత్స ఏమిటి, అది ఎంతవరకు పనిచేస్తుంది, అది మన ఇంటిలోనికి వస్తే మన మీద ఏ బాధ్యత పడుతుంది అనే సంగతులను కొంచెము నిదానముగా ఆలోచిద్దాము.

ఇది ఏ రోగము?

డాక్టర్లు డిప్రెషన్ అనే ఈ రోగమును మన పెద్దలు దిగులు అన్నారు, మనోవ్యాధి అన్నారు. దుఃఖము వేరు, ఈ రోగము వేరు. దుఃఖము ఒక కారణమును బట్టి వస్తుంది, దినములు గడిచేకొలది నెమ్మదిస్తుంది, మధ్యలో మనవడు వచ్చి ఒడిలో కూర్చుంటే కాసేపు మరపిస్తుంది. కృంగుదల అలా కాదు. రెండు వారములు, అంతకంటె ఎక్కువ, దాదాపు రోజంతా మనసు చీకటిగా ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుంది. అన్నము రుచించదు. ఇష్టమైన పని ముందర పెట్టినా చెయ్యి కదలదు. "నేను ఎవరికీ పనికిరాను, నా వలన అందరికీ భారము" అనే తలంపు వదలదు. కొందరికి చనిపోవాలనే తలంపు కూడ వస్తుంది.

2015-16లో నిమ్హాన్స్ నాయకత్వమున 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. తమిళనాడు అందులో ఒకటి. ఆ సర్వే ప్రకారము ప్రతి 20 మందిలో ఒకరు తమ జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు కృంగుదలకు లోనవుతున్నారు. రోగము ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి చికిత్స అందడము లేదు. ఈ లెక్కను మన సంఘములకు అన్వయించి చూడండి. ఆదివారము ఉదయము 200 మంది కూర్చున్న ఆరాధనలో దాదాపు 10 మంది ఈ బాధ ఎరిగినవారే. వారిలో ఒకరో ఇద్దరో తప్ప మిగిలినవారు డాక్టరు ముఖము చూడలేదు.

ఎందుకు చూడలేదో మనకు తెలియనిది కాదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరుకుంటాము. "బి.పి. తగ్గింది", "నీరసము", "దిష్టి తగిలినట్టుంది" అని పేరు మార్చి చెబుతాము. అమ్మాయి సంబంధము చెడిపోతుందని తల్లి సంగతి దాస్తాము. ఊరు వదిలి మూడు నాలుగు తరములు గడిచిన మనకు మన సంఘమే ఊరు, సంఘస్థులే చుట్టములు. కాబట్టి ఇక్కడ ఒక మాట బయటికి పొక్కితే అది ఊరంతా తెలిసినట్టే అనే భయము మనకు మరీ ఎక్కువ. ఇంటిలోనే చేసుకొనే చికిత్స అనగానే మనలో కొందరికి ప్రాణము లేచివచ్చుట ఇందువలననే.

ఆ యంత్రము ఏమి చేస్తుంది?

కరెంటుతో మనసుకు వైద్యము అనే ఆలోచన నిన్నటిది కాదు. 1801లో ఇటలీలోని బొలోన్యా పట్టణములో జొవాన్ని ఆల్దీని అనే శాస్త్రజ్ఞుడు తీవ్రమైన దిగులుతో ఆసుపత్రిలో ఉన్న ఒక రైతు తలకు బ్యాటరీ ద్వారా కొద్దిపాటి విద్యుత్తు పంపించాడు. ఆ రైతు కోలుకున్నాడని తన గ్రంథములో వ్రాశాడు. ముందుగా దానిని తన తలకే పెట్టుకొని చూచుకున్నాడు.

మన సినిమాలలో చూపే షాక్ ట్రీట్‌మెంటు ఇది కాదు. అది 1938లో రోమునగరములో మొదలైనది. అందులో సుమారు 800 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును కొన్ని క్షణముల పాటు పంపి మెదడులో ఫిట్స్ వచ్చేలా చేస్తారు. దానిని మత్తు, కండరములు సడలించే మందు ఇవ్వకుండా చేయరాదని మన దేశములో 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించింది. సరిగా చేసినప్పుడు ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగులను అది ఇప్పటికీ కాపాడుతున్నది.

ఇంటిలో వాడే ఈ కొత్త పరికరము పంపేది 2 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. అంటే షాక్ ట్రీట్‌మెంటులో సుమారు నాలుగు వందవ వంతు. దీని పేరు టి.డి.సి.ఎస్. తడి చేసిన రెండు బిళ్ళలు నుదుటికి రెండు పక్కల ఆనుకొనేలా పట్టీ పెట్టుకొని అరగంట కూర్చుంటారు. మత్తు అక్కరలేదు, ఫిట్స్ రావు. నుదురు కొంచెము చురచురలాడుతుంది, దురద పెడుతుంది, చర్మము ఎర్రబడుతుంది. కృంగుదలలో నుదుటి వెనుక ఎడమ ప్రక్కనున్న మెదడు భాగము మందకొడిగా పనిచేస్తుందని డాక్టర్లు కనుగొన్నారు. ఈ కొద్దిపాటి విద్యుత్తు అక్కడి కణములను బలవంతముగా నడిపించదు. అవి పని అందుకొనుటకు కొంచెము సిద్ధముగా ఉండేలా చేస్తుంది. రోజులు గడిచేకొలది ఆ మార్పు నిలుస్తుందని వారి ఆశ. ఇటువంటి ఒక పట్టీకి 2019లో ఐరోపాలో అమ్మకమునకు అనుమతి లభించింది.

ఎంతవరకు పనిచేస్తుంది?

ఇక్కడ మనము నిజాయితీగా ఉండాలి. పొగిడేవారి మాటలోను, కొట్టిపారేసేవారి మాటలోను సగము సగమే సత్యమున్నది.

2017లో బ్రెజిల్‌లోని సావో పాలో డాక్టర్లు 245 మంది రోగుల మీద చేసిన పరీక్షను ప్రచురించారు. ఆసుపత్రిలో చేసిన టి.డి.సి.ఎస్. ఉత్తుత్తి చికిత్సకంటె మేలుగా పనిచేసింది. అయితే కృంగుదలకు సాధారణముగా వ్రాసే ఎస్సిటలోప్రామ్ అనే మాత్రకు అది సాటి అని తేల్చలేకపోయారు. 2023లో జర్మనీలో ఎనిమిది ఆసుపత్రులలో మాత్రలతో పాటు దీనిని కూడ ఇచ్చి చూచినప్పుడు అదనముగా కలిగిన మేలు కనబడలేదు.

ఇంటిలో వాడుకొనే పద్ధతిని గూర్చి 2024లో రెండు పెద్ద పరీక్షల ఫలితములు వచ్చాయి. మొదటిది ఇంగ్లండు, వేల్సు, అమెరికాలోని టెక్సాసు ప్రాంతములలో 174 మందితో జరిగింది. సగము మందికి నిజమైన పట్టీ, సగము మందికి పని చేస్తున్నట్టే అనిపించే ఉత్తుత్తి పట్టీ ఇంటికి పంపించారు. మొదటి మూడు వారములు వారమునకు అయిదు సార్లు, తరువాత ఏడు వారములు వారమునకు మూడు సార్లు, ఒక్కొక్కసారి అరగంట. పది వారములకు నిజమైన పట్టీ పెట్టుకున్నవారిలో నూటికి సుమారు 45 మంది రోగ లక్షణములనుండి దాదాపు బయటపడ్డారు. ఉత్తుత్తి పట్టీ వారిలో నూటికి సుమారు 22 మంది బయటపడ్డారు.

రెండవ పరీక్ష మరల సావో పాలోలో, 210 మందితో జరిగింది. అక్కడ రోగులు తమ ఇండ్లలో, పైన ఎవరూ కనిపెట్టి చూడకుండ, ఆరు వారములు తామే వాడుకున్నారు. చివరకు లెక్క చూస్తే నిజమైన పట్టీకి, ఉత్తుత్తి పట్టీకి తేడా కనబడలేదు.

రెండింటికీ ఫలితము ఎందుకు వేరుగా వచ్చింది? వారములు వేరు, పరికరము వేరు, రోగులు వేరు. కనిపెట్టి చూచుట ఒక్కటే కారణమని చెప్పుట తొందరపాటు. మొదటి పరీక్షకు కూడ హద్దులున్నాయి. ఆత్మహత్య ప్రమాదము ఎక్కువగా ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. నిజమైన పట్టీ పెట్టుకున్నవారిలో చాలామంది తమకు వచ్చినది నిజమైనదేనని ఊహించగలిగారు. ఇవన్నీ కలిపి చూస్తే మేము చెప్పగలిగినది ఇంతే: ఇది మంత్రము కాదు, మోసము కాదు. కొందరికి, ఒక మోస్తరు కృంగుదలలో, డాక్టరు చూపుక్రింద వాడితే మేలు చేయగల సాధనము.

కరెంటుతో వచ్చిన నెమ్మది న్యాయమైనదా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. మనసును యంత్రముతో బాగుచేసుకొనుట తగునా? కొందరు విశ్వాసులు "మనసు బాధకు ప్రార్థన ఉన్నది, యంత్రము దేనికి?" అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. అయినను మన పెద్దల చరిత్రలోనే దీనికి జవాబు ఉన్నది. ఒంగోలులోను, పిఠాపురములోను మిషను ఆసుపత్రులు కట్టినవారు ప్రార్థన ఎరుగనివారు కారు. జ్వరమునకు మాత్ర ఇచ్చి, విరిగిన ఎముకకు కట్టు కట్టి, ఆ మంచము ప్రక్కనే ప్రార్థించారు. ఒకటి మరియొకదానికి అడ్డు వస్తుందని వారు తలంచలేదు. థైరాయిడ్ తగ్గితే మనిషి దిగాలు పడతాడు. మాత్ర వేసుకుంటే తేరుకుంటాడు. అతని విశ్వాసము ఆ మాత్రవలన తగ్గిందని ఎవరమూ అనము. మెదడు కూడ కాలివలె, కంటివలె శరీరములోని భాగమే.

ఏలీయా ప్రవక్త సంగతి జ్ఞాపకము చేసుకొనండి. కర్మెలు మీద అంత గొప్ప జయము పొందిన మనిషి, అరణ్యములో బదరీ వృక్షము క్రింద కూర్చుండి మరణము కోరుకున్నాడు. దేవదూత అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, రొట్టె నీళ్ళు ఇచ్చి, మరల పడుకోనిచ్చి, మరల తినమన్నాడు. శరీరము సంగతి మొదట చూచిన తరువాతనే అతనితో మాటలు, అతనికి పని, అతనికి తోడుగా ఎలీషా. కృంగినవారి యొద్దకు వెళ్ళేటప్పుడు మనము ఈ వరుసనే మరచిపోతుంటాము. నిద్ర పట్టిందా, భోజనము చేశారా అని అడుగకముందే ఉపదేశము మొదలుపెడతాము.

మరి యంత్రముతో వచ్చిన సంతోషము సొంత సంతోషమేనా? కళ్ళజోడు పెట్టుకొని చదివినవాడు చదివినది తానే గదా. ఈ చికిత్స ఎవరికీ సంతోషమును పోయదు. అణగిపోయినదానిని కొంచెము పైకి లేపుతుంది. ఆ తరువాత పిల్లల జడ వేయాలని తల్లికి అనిపించుట, పాట విన్నప్పుడు పెదవులు కదులుట, ఇవి ఆమెవే. రోగములో ఉన్నప్పుడు "నేను పనికిరాను" అన్న మాటే ఆమె సొంత మాట అని, తేరుకున్న తరువాత పలికినది యంత్రపు మాట అని అనుటకు ఏ ఆధారమూ లేదు. తేరుకున్నవారిని అడగండి. తిరిగి మేము మేమైనాము అని చెబుతారు.

అయితే ఒక హద్దు ఉన్నది. దుఃఖమునంతటినీ రోగమని పట్టీ పెట్టరాదు. భర్త పోయి నెల తిరగని స్త్రీ ఏడుస్తున్నదంటే ఆమెకు కావలసినది ఏడ్చుటకు చోటు, ప్రక్కన కూర్చొనే మనిషి. ఉద్యోగము పోయినవానికి పని కావాలి. ఇంటిలో దెబ్బలు తింటున్న కోడలికి రక్షణ కావాలి. అన్యాయమును అలాగే ఉంచి, దానిని సహించుటకు వీలుగా ఆమె నుదుటికి పట్టీ కట్టితే వైద్యము పేరుతో అన్యాయమునకే సేవ చేసినవారమవుతాము. "డాక్టరుగారు చెప్పారు, నీవు కట్టుకో, వంటపని చూడు" అని అత్తవారో భర్తో బలవంతము చేయుట కూడ అటువంటిదే. చికిత్స రోగి మేలుకొరకు, రోగి అంగీకారముతో జరగాలి. ఇంటివారి సౌకర్యముకొరకు జరగరాదు. ఆసుపత్రిలో అంగీకార పత్రము మీద సంతకము అడుగుతారు. ఇంటిలో సంతకము అడిగేవారు లేరు గనుక మన మనస్సాక్షియే ఆ పని చేయాలి.

ఉత్తుత్తి పట్టీ నేర్పే పాఠము

ఆ లండను పరీక్షలోని ఒక సంగతి చాలామంది గమనించకుండ దాటిపోయారు. రోగ తీవ్రతను కొలిచే కొలబద్దలో నిజమైన పట్టీ వారికి సుమారు 9 పాయింట్లు తగ్గితే, ఉత్తుత్తి పట్టీ వారికి కూడ సుమారు 7 పాయింట్లు తగ్గాయి. వారికి చికిత్సగా చెప్పదగిన కరెంటు రాలేదు. అయినను మునుపటికంటె తేరుకున్నారు. ఎందువలన? కాలము గడిచేకొలది కొందరికి రోగము దానంతట అదే తగ్గుతుంది. మేలు కలుగుతుందనే ఆశ కూడ పనిచేస్తుంది. కాని మరియొక సంగతి ఆలోచించండి. ఆ పది వారములలో ప్రతివారికి ఒక క్రమము ఏర్పడింది. వారములో ఇన్ని దినములు, అరగంట, కదలకుండ కూర్చోవాలి. పలుమార్లు వీడియోలో ఒకరు కనబడి "నిద్ర ఎలా ఉన్నది? ఆకలి ఎలా ఉన్నది? బ్రతుకు మీద విరక్తి కలుగుతున్నదా?" అని అడిగి, వారి జవాబు చివరివరకు విన్నారు. రోగముతో ఉన్న ఎంతోమందికి తమ ఇంటిలో, తమ సంఘములో ఈ భాగ్యము దొరకడము లేదు.

దీనినుండి "అయితే పలకరింపు చాలును, మందు అక్కరలేదు" అనే తప్పు అర్థము తీయవద్దు. రెండు పట్టీల మధ్య తేడా ఉన్నదని, 45కు 22కు నడుమ అంతరము ఉన్నదని ఆ పరీక్షే చెప్పింది. తీవ్రమైన రోగములో మంచి మాటలు మాత్రమే ఇచ్చుట, కాలు విరిగినవానిని ఓదార్చి పంపివేయుట వంటిది. మేము చెప్పేది వేరు. యంత్రము చేసే పనిని యంత్రము చేయాలి, డాక్టరు చేసే పనిని డాక్టరు చేయాలి. వాటితో పాటు మనుష్యులు చేయవలసిన భాగము ఒకటి ఉన్నది. వైద్యము ఇంటికి వచ్చినప్పుడు ఆ భాగము తగ్గదు, పెరుగుతుంది.

మన దేశములో ఇది కొత్త మాట కాదు. 1950వ దశకములో అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ మానసిక రోగుల కుటుంబములను ఆసుపత్రి ఆవరణలోనే గుడారములలో ఉండనిచ్చి, రోగిని చూచుకొనే పని వారికి నేర్పారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగములో రోగితో పాటు ఇంటివారు ఉండే పద్ధతి మొదటినుండి ఉన్నది. మన తెలుగు కుటుంబములు ఎన్నో అక్కడికి వెళ్ళివచ్చాయి. 1980వ దశకములో నిమ్హాన్స్ డాక్టర్లు బళ్ళారి జిల్లాలో, తెలుగువారు ఎంతోమంది ఉన్న ఆ జిల్లాలోనే, చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో మానసిక వైద్యము అందించవచ్చునని చేసి చూపించారు. దానిని మాదిరిగా తీసుకొని 1996లో ప్రభుత్వము జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించింది. అప్పుడు ఇంటివారిని ఆసుపత్రికి రప్పించారు. తరువాత ఆసుపత్రిని ఊరి దగ్గరకు తెచ్చారు. ఇప్పుడు ఆసుపత్రి పరికరమే ఇంటి లోపలికి వస్తున్నది. అన్నిటిలోను ఉన్న మూలసూత్రము ఒకటే: రోగిని ఒంటరిగా విడువరాదు.

ఇంటివారు గమనించవలసినవి

ఎవరి ఇంటికైనను ఇటువంటి చికిత్స వస్తే ఈ కొద్ది సంగతులు జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి.

మొదట డాక్టరు. అది కృంగుదలయేనా, థైరాయిడ్ లోపమా, రక్తహీనతయా, వేరొక మానసిక రోగమా అని తేల్చవలసినది మానసిక వైద్యుడు. ఉత్సాహము విపరీతముగా పెరిగి కృంగుదల వంతులవారీగా వచ్చే రోగము కొందరికి ఉంటుంది. 2017నాటి బ్రెజిల్ పరీక్షలో కరెంటు చికిత్స పొందిన ఇద్దరికి ఆ విపరీత ఉత్సాహము కొత్తగా మొదలైనది. ఫిట్స్ ఉన్నవారు, తలలో లోహపు ముక్క గాని పరికరము గాని అమర్చబడినవారు ముందుగా డాక్టరుకు చెప్పి తీరవలెను.

వాడుతున్న మాత్రలను సొంతముగా ఆపరాదు. పట్టీ వచ్చింది గదా అని మాత్రలు మానివేసినవారికి రోగము తిరగబెట్టే అపాయమున్నది.

బ్యాటరీ, తీగలు కొని ఇంటిలో ఎవరూ ఇటువంటిది తయారు చేసుకొనరాదు. కొన్ని దేశములలో యువకులు చదువులో చురుకుతనము కొరకు అలా చేయుట చూచి, 2016లో ఈ రంగములోని శాస్త్రజ్ఞులే వారికి ఒక బహిరంగ లేఖ వ్రాశారు. విద్యుత్తు మనము అనుకున్న చోటనే ఆగదని, ఒక శక్తి పెరిగితే మరియొకటి తగ్గవచ్చునని, ఒకరికి పనిచేసినది మరియొకరికి తారుమారు కావచ్చునని హెచ్చరించారు. సరిగా తడపని బిళ్ళలవలన చర్మము కాలే ప్రమాదము కూడ ఉన్నది.

చనిపోవాలనే మాట ఎవరి నోటివెంట వచ్చినా పట్టీ పనిచేసే వరకు పది వారములు వేచియుండరాదు. ఆ మాటను బెదిరింపు అనుకొనవద్దు. అదే దినమున ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి, మనిషిని ఒంటరిగా విడువకండి. మందులు, పురుగుమందు, అటువంటివి చేతికి అందకుండ తీసివేయండి. ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అనే నంబరుకు ఏ రాష్ట్రమునుండియైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చును. ఇది మనకు పెద్ద మేలు. చెన్నైలోనో షోలాపూరులోనో పుట్టిన పిల్లలు ఆ ఊరి భాషలో ఎంత చక్కగా మాట్లాడినను, డెబ్బది ఏండ్ల అమ్మమ్మ తన దిగులును తమిళములోనో మరాఠీలోనో చెప్పుకోలేదు. బాధ మాతృభాషలోనే బయటికి వస్తుంది.

చివరిగా, ఖర్చు. ఇటువంటి పరికరముకొరకు ఒంటి మీది బంగారము తాకట్టు పెట్టవద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరికే మాత్రలు, డాక్టరుతో మాట్లాడి చేసే చికిత్స, ఇవి ఏండ్ల తరబడి పరీక్షకు నిలిచినవి. కొత్తది గనుక మంచిదనుకొనుట, ఖరీదైనది గనుక గొప్పదనుకొనుట రెండూ పొరపాట్లే.

సంఘము చేయగలిగినది

ఇంటిలో రహస్యముగా వైద్యము చేసుకొనవచ్చును గనుక ఇక సంఘమునకు చెప్పవలసిన పని లేదని కొందరు సంతోషిస్తున్నారని మొదట చెప్పుకున్నాము. రోగి తన సంగతిని గోప్యముగా ఉంచుకొనుటకు హక్కు ఉన్నది. 2017నాటి చట్టము కూడ ఆ హక్కును కాపాడుతున్నది. ఎవరి రోగమునైనను వేదిక మీద ప్రార్థన విన్నపముగా చదువుటకు ముందు వారి అనుమతి అడగవలెను. అయితే గోప్యము వేరు, దాగుట వేరు. నమ్మకమైన ఇద్దరు ముగ్గురికి చెప్పుకొని నిశ్చింతగా ఉండుట గోప్యము. తలుపు వేసుకొని, పట్టీ పెట్టుకొని, ఎవరైనా చూస్తారేమోనని వణుకుతూ కూర్చొనుట దాగుట. అలా దాగవలసి వచ్చినదంటే ఆ సిగ్గును పుట్టించినది రోగి కాదు, మన మాటలే. "విశ్వాసము తక్కువ", "చేసుకున్నది అనుభవిస్తున్నది", "పిచ్చి వాళ్ళ ఇంట సంబంధము" అనే మాటలు మన మధ్య వినబడినంతకాలము ఎంత మంచి చికిత్స వచ్చినను అది దొంగతనముగానే జరుగుతుంది. దొంగతనముగా జరిగే చికిత్సను కనిపెట్టి చూచేవారు ఉండరు.

కాబట్టి మన స్త్రీల సమాజములు, యౌవన సమాజములు ఒక చిన్న పని చేయవచ్చును. ప్రతి సంఘములో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు, నోరు కట్టుకోగలిగినవారు, ఈ రోగ లక్షణములను దగ్గరలోని మానసిక వైద్యుని యొద్ద తెలుసుకొనవలెను. మూడు ఆదివారములు కనబడనివారి ఇంటికి వెళ్ళవలెను. వెళ్ళినప్పుడు ఉపదేశము కంటె ముందు నిద్రను గూర్చి, భోజనమును గూర్చి అడగవలెను. డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళవలెను, భాష రానివారికి మాట సాయము చేయవలెను. మందుగాని పట్టీగాని మొదలుపెట్టినవారిని వారమునకు రెండు సార్లు పలకరించవలెను. కాపరులు కూడ ప్రసంగములో ఒకసారి ఈ రోగము పేరు స్పష్టముగా పలికి, దీనికి వైద్యము చేయించుకొనుట తప్పు కాదని చెప్పవలెను. ఆ ఒక్క మాట ఎందరికో తలుపు తెరుస్తుంది.

యంత్రములు ఇంకా వస్తాయి. ఇప్పుడున్నదానికంటె మంచివి వస్తాయి, చవకగా కూడ వస్తాయి. వాటిని చూచి భయపడవద్దు, వాటి చేతికి మనిషిని అప్పగించి చేతులు దులుపుకొనవద్దు. అరగంట పట్టీ పెట్టుకొని కూర్చున్న మనిషికి ఎదుట ఒక కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చొనవలసినది మనము.